ఎండలకు డెంగీ చచ్చిపోదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి నిన్న మళ్లీ ఆ మెసేజ్ వచ్చింది: “ఈసారి ఎండలకు దోమల గుడ్లన్నీ మాడిపోయాయి. వేడి పెరిగేకొద్దీ డెంగీ తగ్గుతుంది. మురుగు పక్కన ఉండేవాళ్లు జాగ్రత్తపడితే చాలు. ఫాగింగ్ చేస్తే మిగిలిన దోమలూ పోతాయి.” చదివితే టెన్షన్ పట్టుకుంది. ఇది నమ్మి డ్రమ్ములు కడగడం మానేసేవాళ్లు ఉంటారు.

గుడ్లు మాడిపోయాయా? లేదు. డెంగీని మోసే ఈడిస్ దోమ నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా అవి నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. బయట 42 డిగ్రీలున్నా మంచం కింద, పరదాల వెనక, సంపు మూత కింద అంత వేడి ఉండదు. దోమ దాక్కునేది అక్కడే.

పైగా ఎండాకాలమే దానికి చోటు చూపిస్తుంది. నల్లా రోజూ రాని బస్తీలో డ్రమ్ములు, బిందెలు నింపి పెట్టుకుంటారు. అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్ తెప్పించి సంపు నింపుతాం. వానలు మొదలయ్యాక కూలర్‌ను అడుగున నీళ్లతోనే బాల్కనీ మూలకు నెట్టేస్తాం. నీళ్లు దాచుకునేవాళ్లను నేను తప్పుపట్టను, దాచుకోక ఏం చేస్తారు? డ్రమ్ముకు బిగుతైన మూతో, గుడ్డో కట్టాలి, అంతే.

వేడి మాటలో సగం నిజముంది. 35 డిగ్రీలు దాటితే ఈడిస్‌కు కష్టమే. కానీ డెంగీ మనల్ని పీడించేది మేలో కాదు, వానలు పడ్డాక. ఆగస్టులో హైదరాబాద్ సగటు ఉష్ణోగ్రత 26 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఈ దోమతో డెంగీ అన్నిటికంటే సులువుగా పాకేది 29 డిగ్రీల దగ్గర అని పరిశోధకుల లెక్క. అంటే వానాకాలం వేడెక్కేకొద్దీ మనం ఆ 29కి దగ్గరవుతున్నాం. రోగిని కుట్టిన దోమ ఆ వైరస్‌ను ఇంకొకరికి ఎక్కించగలిగే స్థితికి రావడానికి 25 నుంచి 28 డిగ్రీల మధ్య 8 నుంచి 12 రోజులు పడుతుంది. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. కొన్ని వారాలే బతికే దోమకు రెండు రోజులు కలిసొచ్చినా మనకు ప్రమాదమే.

ఇక మురుగు. మూసీ పక్కన సాయంత్రం ముసిరేవి ఎక్కువగా క్యూలెక్స్ దోమలు. వాటివల్ల బోదకాలు వస్తుంది, డెంగీ కాదు. మలేరియా ఎలా పాకుతుందో కనిపెట్టిన బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ కూడా వేరే రకం దోమల్లో వెతికి విసిగిపోయాకే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఏ జబ్బుకు ఏ దోమో తెలియాలి. ఈడిస్ మంచినీళ్లలో పుట్టి పగలు కుడుతుంది.

ఫాగింగ్ ఎగిరే దోమల్లో కొన్నిటిని చంపుతుంది. నీళ్లలోని లార్వాను, అంటే గుడ్డు నుంచి వచ్చిన దోమ పిల్లను, తాకదు. వారం పది రోజుల్లో కొత్తవి లేస్తాయి.

అందుకే వారానికొక రోజు కూలర్, డ్రమ్ము, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేయండి. పారబోస్తే సరిపోదు. గుడ్లు గోడకే ఉంటాయి కాబట్టి పీచుతో గట్టిగా తోమండి.