పెట్టుకోని మనిషిని తీసేయడమెలా?

ఉద్యోగంలోంచి మనిషిని తీసేయడం ఎవరైనా చేస్తారు. అసలు పెట్టుకోనే పెట్టుకోని మనిషిని తీసేయాలంటే మాత్రం నగరపాలక సంస్థ స్థాయి కావాలి. ఈ విద్యలో అగ్రతాంబూలం ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్ నగర నిగమ్‌కే దక్కాలని నా మనవి.

అక్కడి ఉద్యాన విభాగంలో 1998 నుంచి కొందరు తోటమాలులు పనిచేసేవారు. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, వారానికో సెలవు లేదు, కనీస వేతనం లేదని వాళ్ల ఫిర్యాదు. అంతటితో ఊరుకోక, మమ్మల్ని రెగ్యులర్ చెయ్యండంటూ 2004లో వివాదం లేవదీశారు. అదింకా తేలకముందే, 2005 జులైలో, ఇక రావద్దని నోటిమాటతో చెప్పి పంపేశారు. నోటీసు లేదు, పరిహారం లేదు.

ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. పెట్టుకునేటప్పుడు ఇవ్వని కాగితం తీసేసేటప్పుడు ఎందుకివ్వాలి? పైగా కాగితమంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే ఆలోచించాలి. ఆలోచించాలంటే దానికో టెండర్ పిలవాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ణి తీసేస్తే నెల నోటీసివ్వాలని, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున కట్టాలని చట్టం ఉందనుకోండి. ఉంటే ఉంది.

అసలు ప్రతిభ కోర్టులో బయటపడింది. వీళ్లు మా మనుషులే కాదు, కాంట్రాక్టర్ మనుషులు అన్నారు నిగమ్ వారు. ఇది శుద్ధ అద్వైతం. మొక్క సత్యం, పార్కు సత్యం, తోటమాలి మిథ్య. దీనికి తోడు 2006 నాటి ఉమాదేవి కేసు తీర్పును కూడా అడ్డం పెట్టుకున్నారు. పద్ధతి ప్రకారం నియామకం జరగనివాళ్లు పర్మనెంట్ చెయ్యమని హక్కుగా అడగలేరని ఆ తీర్పు సారం. అంటే, మేం నిన్ను పెట్టుకోలేదు. ఒకవేళ పెట్టుకున్నా సరిగ్గా పెట్టుకోలేదు. సరిగ్గా పెట్టుకోకపోవడం నీ తప్పు. ఇంత పకడ్బందీ తర్కం ముందు మామూలు మనిషి నిలబడగలడా?

నిలబడ్డారు, అదే విచిత్రం. 2011లో లేబర్ కోర్టు కొందరి విషయంలో తిరిగి చేర్చుకోమంది, ఇంకొందరి విషయంలో కుదరదంది. 2019లో హైకోర్టు రోజుకూలీలుగా తీసుకోమంది. చివరికి 2025 జనవరి 31న సుప్రీంకోర్టు, ఏదీ ఆ కాంట్రాక్టర్‌కి డబ్బు కట్టిన రుజువు, అంది. ఆ కాగితమూ లేదు! తోటమాలిని మాయం చేయబోయి కాంట్రాక్టర్నే మాయం చేశారు, పాపం.

మనవాళ్లూ ఏమంత వెనకబడి లేరు. 2019 అక్టోబరులో తెలంగాణలో దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, వాళ్లంతట వాళ్లే 'సెల్ఫ్ డిస్మిస్' అయ్యారని సర్కారు తేల్చింది. అది స్థానిక సంస్థ కాదు గానీ, విద్య ఎక్కడున్నా గౌరవించాలి. పంచాయతీల దగ్గరికే వద్దామంటే తెలంగాణలోనే జూనియర్ పంచాయతీ కార్యదర్శులున్నారు. 2019లో చేరారు, మూడేళ్ల ప్రొబేషన్ నాలుగేళ్లయింది, అదీ అయిపోయింది. పర్మనెంట్ చెయ్యమని 2023 ఏప్రిల్ 28న సమ్మెకు దిగితే, మే 9 సాయంత్రం 5 గంటల్లోగా డ్యూటీలో చేరకపోతే తొలగిస్తామని నోటీసొచ్చింది. సమ్మె చెయ్యబోమని బాండ్ రాసిచ్చారు కదా అని గుర్తు కూడా చేశారు. అప్పటికి నాలుగేళ్లు దాటినా రాని పర్మనెంట్ ఆర్డరుకి గడువు లేకపోయింది, తొలగింపుకి మాత్రం గంటతో సహా ముహూర్తం పెట్టారు. సర్కారు పనులు నెమ్మదిగా సాగుతాయనేవాళ్లు ఈ నోటీసు చదవాలి.

మళ్లీ ఘాజియాబాద్‌కి వస్తే, నాలుగు వారాల్లో తోటమాలులను పనిలోకి తీసుకోండి, పనిలేకుండా ఉంచిన కాలానికి జీతంలో సగం కట్టండి, ఆరు నెలల్లో రెగ్యులర్ చేసే ప్రక్రియ మొదలెట్టండి అని తీర్పు. తీసేసినప్పుడు నాటిన మొక్కకి తీర్పు నాటికి పంతొమ్మిదేళ్లు నిండాయి. అయినా నిగమ్ వారు నిరుత్సాహపడనక్కర్లేదు. సగం జీతమే ఇమ్మన్నారు కాబట్టి, తోటమాలి ఇంకా సగం మిథ్యేనని వాదించుకోవచ్చు. ఆ వాదనకి పెట్టుకునే లాయర్‌కి మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చే ఉంటారు.