తుపాకీ చేతులు మారే చోట

అమెరికాలో గ్యాస్ స్టేషన్‌లోనో కన్వీనియెన్స్ స్టోర్‌లోనో పనిచేస్తున్న మన పిల్లాడు కాల్పుల్లో పోయాడన్న వార్త వస్తే, మన వాట్సాప్ గ్రూపుల్లో సంతాపాలు ఒక పూట సాగుతాయి. తర్వాత వాదన మొదలవుతుంది. ‘ఈ దేశంలో తుపాకులన్నీ నిషేధిస్తే గానీ లాభం లేదు’ అని ఒకరంటారు. ‘షికాగోలో చట్టాలు ఎంత కఠినమో తెలుసా, అయినా రోజూ హత్యలే కదా’ అని ఇంకొకరు. అక్కణ్నుంచి ఎవరి పార్టీ వాళ్లది.

ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే. గన్ కంట్రోల్ అనగానే అదంతా ఒకే మందు అనుకుంటారు. నిజానికి అది ఒక మందుల షాపు. నగరాల్లో నేరం సంగతి వరకు చూస్తే అందులో కొన్ని పనిచేశాయి, కొన్నిటికి జాడే లేదు. తుపాకీ జేబులో పెట్టుకుని తిరగడానికున్న నిబంధనల్ని సడలించడం మాత్రం పరిస్థితిని చెడగొట్టిందని నా అభిప్రాయం.

ముందు షికాగో సంగతి. అక్కడ పిస్తోళ్ల మీద నిషేధం 1982లో వచ్చింది. 2010లో మెక్‌డొనాల్డ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. అంటే ఇప్పుడు షికాగోని ‘తుపాకులు నిషేధించిన నగరం’ అనేవాళ్లు పాత పేపరు చదువుతున్నారన్నమాట. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో తుపాకీ ఓనర్ కార్డు ఉండాలి, నిబంధనలు గట్టివే. కానీ జనాభా లెక్కన హత్యల్లో షికాగోని మించినవి సెయింట్ లూయిస్, న్యూ ఆర్లియన్స్, మెంఫిస్. 2020లో సెయింట్ లూయిస్‌లో 263 హత్యలు జరిగాయి, లక్షకు దాదాపు 87. ఈ మూడూ తుపాకీ చట్టాలు సడలించిన రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

షికాగో నగరపాలక సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2013 నుంచి 2016 వరకు పోలీసులకు చిక్కి, మూలం తెలిసిన తుపాకుల్లో దాదాపు 60 శాతం వేరే రాష్ట్రాల్లో మొదట అమ్ముడుపోయినవి. ఒక్క ఇండియానా వాటాయే 21 శాతం. ‘పక్క రాష్ట్రానికి కారేసుకుని వెళ్లి కొనుక్కొస్తారు’ అని తేలిగ్గా అనేస్తాం గానీ అది అంత సూటిగా జరగదు. ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ దగ్గర పిస్తోలు సొంత రాష్ట్రంలోనే కొనాలి. కాబట్టి ఇండియానా చిరునామా ఉన్న మనిషి ఒకడు మధ్యలో ఉండాలి. అతనే బినామీ. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చిక్కిన తుపాకుల్లో దాదాపు నాలుగో వంతు కేవలం 10 దుకాణాల నుంచి వచ్చాయి, వాటిలో ఎక్కువ ఇల్లినాయ్‌లోవే. తప్పంతా పొరుగువాడిదేనని చెప్పుకోవడానికి వీల్లేదు. 2019లో ఇల్లినాయ్ దుకాణాలకు రాష్ట్ర లైసెన్సు పెట్టడానికి ఇలాంటి లెక్కలే ఊపునిచ్చాయి.

వాషింగ్టన్ డీసీ కథ రెండు పక్షాలకీ చేదే. 1976లో పిస్తోళ్లు నిషేధించారు. నిషేధం ఉండగానే, క్రాక్ కొకైన్ రోజుల్లో, 1991లో హత్యలు 480 దాకా వెళ్లాయి. 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ తీర్పు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నాలుగేళ్లకు, 2012లో, హత్యలు 88. ‘చూశారా, తుపాకులు వచ్చాయి, నేరం తగ్గింది’ అని సంబరపడేలోపే 2023లో 274 అయ్యాయి. మరుసటి ఏడు 187. ఈ ఎగుడుదిగుళ్లలో చట్టం పాత్రను విడదీయాలంటే మాదకద్రవ్యాల మార్కెట్టు, పోలీసుల తీరు, అద్దెలు పెరిగి జనం తరలిపోవడం అన్నీ తీసేసి చూడాలి. ఒక్క నగరం గ్రాఫు చూపించి వాదించేవాళ్లను నమ్మకండి, వాళ్లు మీ పక్షమే అయినా సరే.

ఇంకో రెండు అంకెలు సరిచూసుకోవాలి. 2023లో దేశంలో తుపాకీ మరణాలు 46,728. అందులో సగం పైగా, 27,300, ఆత్మహత్యలు. నగరాల్లో నేరం గురించి మాట్లాడుతూ మొత్తం అంకె వాడితే వాదన తప్పుదారి పడుతుంది. అలాగే టీవీలో ఎప్పుడూ ఏఆర్-15 రైఫిల్ కనిపిస్తుంది. ఎఫ్‌బీఐ 2019 లెక్కలో 13,927 హత్యలుంటే రైఫిళ్లతో జరిగినవని నమోదైనవి 364, పిస్తోళ్లతో 6,368. తుపాకీ రకం నమోదు కానివి మూడు వేల పైచిలుకు ఉన్నా సరే, తేడా తేడాయే. 1994 నుంచి 2004 దాకా ఉన్న అసాల్ట్ వెపన్స్ (ఏఆర్-15 లాంటి ఆయుధాల) నిషేధం స్కూళ్లలో జరిగే ఊచకోతల చర్చకు సంబంధించింది. వీధి మూల హత్యకు దానితో పనిలేదు.

సరే, వీధిలోకి పిస్తోలు ఎలా వస్తుంది? డీలర్ దగ్గర కొనేవాడు ఫారం 4473 నింపాలి. అందులో మొదటి ప్రశ్నల్లోనే ‘అసలు కొనుగోలుదారు మీరేనా’ అని ఉంటుంది. కొనేవాడి నేరచరిత్ర మీద ఎఫ్‌బీఐ చేసే చెక్ మామూలుగా నిమిషాల్లో తేలిపోతుంది. తేలకపోతే మూడు పనిదినాలు ఆగి, జవాబు రాకపోయినా దుకాణదారు అమ్మేయవచ్చు. 2022 ఫెడరల్ తుపాకీ చట్టం వచ్చాక 21 ఏళ్ల లోపు వాళ్లకు అవసరమైతే ఈ గడువు 10 పనిదినాల దాకా వెళ్తుంది. నేరచరిత్ర ఉన్నవాడు ఈ కౌంటర్ దగ్గరకు రాడు. చరిత్ర లేని గర్ల్‌ఫ్రెండ్‌నో బంధువునో పంపిస్తాడు. 2022 దాకా ఈ బినామీ కొనుగోలుకి విడిగా ఫెడరల్ నేరమనే పేరే లేదు, ఫారంలో అబద్ధం రాశారన్న కేసే. ఇప్పుడు 15 ఏళ్ల వరకు శిక్ష.

జైళ్లలో ఉన్నవాళ్లను అడిగి న్యాయశాఖ తీసిన 2016 సర్వేలో, నేరం నాడు తుపాకీ ఉన్నవాళ్లలో 43 శాతం దాన్ని వీధి మార్కెట్లో సంపాదించామన్నారు. పావు వంతు మంది కుటుంబం, స్నేహితుల దగ్గర నుంచి తెచ్చుకున్నారు. గన్ షోలో కొన్నవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. తుపాకుల సంతల్లో ప్రైవేటు అమ్మకాలకు చెక్ లేదనే ‘గన్ షో లూప్‌హోల్’ నినాదం మీద ఖర్చైన గొంతులో సగం వీధి మార్కెట్టుకి సరుకెక్కడిదో అడగడానికి వాడుంటే బాగుండేది.

దాన్ని కనిపెట్టే యంత్రాంగం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి చెందిన ట్రేసింగ్ కేంద్రం వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. పోలీసులు సీరియల్ నంబర్ పంపుతారు. కేంద్రం తయారీదారుని అడుగుతుంది, అక్కణ్నుంచి హోల్‌సేలర్, తర్వాత దుకాణం, ఆ దుకాణంలో పుస్తకాలు తిరగేస్తే మొదటి కొనుగోలుదారు పేరు. అక్కడితో దారి మూసుకుపోతుంది, ఎందుకంటే చాలా రాష్ట్రాల్లో ఆ తర్వాత జరిగే ప్రైవేటు అమ్మకాలకు కాగితమే ఉండదు. మూతపడ్డ దుకాణాల రికార్డులు స్కాన్ చేసి పెట్టారు గానీ పేరుతో వెతికే వీలు లేకుండా పెట్టారు. ఫెడరల్ రిజిస్ట్రీ ఉండకూడదని 1986 చట్టం అంటుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరగడమంటే ఇదే. అయినా ఈ ట్రేసింగ్ ఒక మంచి సూచిక ఇస్తుంది. మొదటి అమ్మకానికీ నేరంలో దొరకడానికీ మధ్య మూడేళ్ల లోపే ఉంటే దొంగరవాణా ఉందని అనుమానించాలి.

బినామీని ఏది ఆపుతుంది? కౌంటర్ దగ్గర చెక్ ఒక్కటే చాలదని కాలిఫోర్నియా చెబుతోంది. అక్కడ 1991లో ప్రైవేటు అమ్మకాలతో సహా అన్నిటికీ చెక్ తప్పనిసరి చేశారు. తర్వాతి పదేళ్లలో తుపాకీ హత్యల్లో దాని ప్రభావం పరిశోధకులకు కనిపించలేదు. కనెక్టికట్ 1995లో వేరే దారి పట్టింది. కొనేముందే పర్మిట్ కావాలి. దానికి స్వయంగా దరఖాస్తు చేసి, వేలిముద్రలిచ్చి, సేఫ్టీ కోర్సు పూర్తి చేయాలి. తేడా ఎక్కడో ఊహించుకోండి. బాయ్‌ఫ్రెండ్ కోసం దుకాణంలో ఐదు నిమిషాల్లో ఫారం నింపే అమ్మాయి, అదే పనికి పోలీసుల ముందు పది వేళ్లూ అద్దమంటే వెనక్కి తగ్గుతుంది. మిస్సోరీ సరిగ్గా దీనికి ఎదురు వెళ్లింది. షెరీఫ్ ఇచ్చే పర్మిట్ పద్ధతిని 2007లో ఎత్తేసింది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకుల 2020 అంచనాలో తుపాకీ హత్యలు కనెక్టికట్‌లో 28 శాతం తగ్గాయి, మిస్సోరీలో 47 శాతం పెరిగాయి.

ఈ అంకెల్ని గుడ్డిగా మోసుకు తిరగవద్దు. కనెక్టికట్ మీద 2015లో వచ్చిన మొదటి అంచనా 40 శాతం. అందులో పోలిక ప్రధానంగా రోడ్ ఐలండ్ మీద ఆధారపడింది, ఆ చిన్న రాష్ట్రంలో హత్యలు అటూ ఇటూ కదిలితే ఫలితమే మారిపోతుంది. ఎక్కువ ఏళ్లు కలిపి చూసేసరికి 28కి దిగింది. నాకు శాతాల కంటే ఎక్కువ నమ్మకం కలిగించింది మిస్సోరీలో ఇంకో సంగతి. పర్మిట్ పోయాక, అమ్మిన కొద్దికాలానికే నేరంలో దొరికిన తుపాకుల వాటా రెట్టింపైంది. బినామీ గొట్టం తెరుచుకుంటే కనిపించాల్సింది సరిగ్గా అదే.

ఇప్పుడు వెంట పెట్టుకుని తిరిగే హక్కు. ‘మంచివాళ్ల చేతిలో తుపాకీ ఉంటే దొంగ భయపడతాడు’ అన్నది 1990ల చివర్లో ఆర్థికవేత్త జాన్ లాట్ గణాంకాలతో బలపడిన వాదన. 2004లో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ ఆ డేటా అంతా తిరగేసి, ఎటూ తేల్చడానికి ఆధారాలు చాలవంది. తర్వాత వచ్చిన పని ఎక్కువగా రెండో వైపుకే మొగ్గింది. 1979 నుంచి 2019 వరకు 47 పెద్ద నగరాల మీద స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ డోనహ్యూ బృందం చేసిన లెక్కలో, వెంట పెట్టుకుని తిరిగే (క్యారీ) నిబంధనలు సడలించాక తుపాకీతో జరిగే హింసాత్మక నేరాలు 29 శాతం పెరిగాయి, తుపాకీ దొంగతనాలు 35 శాతం. పోలీసులు కేసులు ఛేదించే రేటు 13 శాతం తగ్గింది.

పర్మిట్ తీసుకున్న మనిషి హంతకుడైపోతాడని దీనర్థం కాదు. వాళ్లలో నేరాలు చాలా తక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. నష్టం జరిగేది కారులో. స్టేడియంలోకో, ఆస్పత్రిలోకో తుపాకీ తీసుకెళ్లనివ్వరు. గ్లవ్ బాక్స్‌లో పెట్టి వెళ్తారు. అద్దం పగులుతుంది, ఆ రాత్రికే అది వీధి మార్కెట్లో సరుకు. 2017 నుంచి 2021 వరకు ప్రైవేటు వ్యక్తుల దగ్గర దొంగతనం జరిగినట్టు నమోదైన తుపాకులు 10 లక్షలకు పైనే. 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు, క్యారీ పర్మిట్‌కి న్యూయార్క్ పెట్టిన 1913 నాటి ‘ప్రత్యేక కారణం’ షరతును కొట్టేసింది. ఇప్పుడు 29 రాష్ట్రాల్లో క్యారీకి పర్మిటే అక్కర్లేదు. కాబట్టి ఇకపై నగరాలు గట్టిగా పట్టుకోగలిగిన కొస కారులో తాళం. అక్కడా అడ్డం ఉంది. 40కి పైగా రాష్ట్రాలు నగరాల్ని సొంతంగా తుపాకీ చట్టాలు చేయకుండా ఏదో ఒక మేర కట్టడి చేశాయి.

చట్టం మారకుండానే హత్యలు సగానికి పడిన ఉదాహరణ కూడా మన కళ్లముందే ఉంది. ఫిలడెల్ఫియాలో 2021లో 562, 2024లో 269. పెన్సిల్వేనియా తుపాకీ చట్టాల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. 2020లో దేశమంతా హత్యలు దాదాపు 30 శాతం ఎగిసినప్పుడూ చట్టాలు అంతగా మారలేదు. బాస్టన్ 1996లో చేసిన పని చూడండి. కాల్పులు జరిపేది నగర యువతలో చాలా కొద్దిమంది ముఠాల వాళ్లే అని గుర్తించి, వాళ్లను కూర్చోబెట్టి, ‘ఈసారి ఎవరు కాల్చినా ముఠా మొత్తం మీద పడతాం, మానేస్తే ఉద్యోగం, చదువు చూస్తాం’ అని ముఖాన చెప్పారు. యువకుల హత్యలు 63 శాతం తగ్గాయి. 2000లో ఆ కార్యక్రమం ఆపేశారు, హత్యలు మళ్లీ పెరిగాయి. ఫిలడెల్ఫియాలో 541 పాడుపడ్డ ఖాళీ స్థలాలతో చేసిన ప్రయోగంలో, శుభ్రం చేసి గడ్డి నాటిన చోట్ల పేద వాడల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. గిఫ్ట్ కార్డు ఇచ్చి తుపాకులు తీసుకునే బైబ్యాక్ కార్యక్రమాలకు మాత్రం మన సంఘాలు చందాలివ్వడం మానేయొచ్చు. అటక మీద తుప్పు పట్టినవి వస్తాయి, వీధిలో ఉన్నవి రావు.

చివరగా వీసా మీద ఉన్నవాళ్లకు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం, 15 ఏళ్ల వరకు శిక్ష. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, లైసెన్సు గడువు తీరిన రోజే మినహాయింపు కూడా పోతుంది. షూటింగ్ రేంజిలో అద్దె తుపాకీ పేల్చినా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు, చదువు ఆగిపోయి వీసా హోదా పోయిన ఒక విదేశీ విద్యార్థి రేంజికి వెళ్లడంతోనే మొదలైంది. భర్త సిటిజన్, భార్య హెచ్-1బి అయితే సేఫ్ తాళం కానీ కోడ్ కానీ ఆమె దగ్గర ఉండకూడదు. ఆయుధాల కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపించేయవచ్చు.

చట్టబద్ధంగా తుపాకీ ఉన్నవాళ్లు సీరియల్ నంబర్ ఫోటో తీసి తుపాకీకి దూరంగా భద్రపరచండి. దొంగతనం ఫిర్యాదులో ఆ నంబర్ లేకపోతే పోలీసులు దాన్ని జాతీయ డేటాబేస్‌లో ఎక్కించలేరు. రేపు అది ఎక్కడో హత్యలో దొరికితే మార్టిన్స్‌బర్గ్ వెతుకులాట దుకాణం దాకా వచ్చి, మీ పేరు దగ్గర ఆగుతుంది.