మహారాజశ్రీ ఉచితం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఉచితం గారి దివ్యసముఖమునకు,

హనుమకొండ నయీంనగర్‌లో గది అద్దెకు తీసుకుని, గ్రూప్స్‌కు చదువుతున్నానని ఇంట్లో నమ్మించి బతుకుతున్న నేను, ఇటీవల తమ నడవడిలో వచ్చిన మార్పుకు నొచ్చుకుని వ్రాయునది.

2016 సెప్టెంబరు 5న జియో రూపంలో తమరు వేంచేసినప్పుడు నాది ఏడో తరగతి. మరుసటి ఏడాది మార్చి 31 దాకా ఎంత మాట్లాడినా, ఎంత చూసినా పైసా అడగలేదు గనుక ఇది జన్మజన్మల బంధమే అనుకున్నాను. ఆ సిమ్ కోసం ఆధార్ జిరాక్సు పట్టుకుని గంటల తరబడి వరుసలో నిలబడినది మా బాపు. నాకు వరుసలో నిలబడటం నేర్చుకునే అవసరమే పడలేదు. తర్వాత తమరు ఒక్కొక్క చోటి నుంచీ జారుకోవడం మొదలుపెట్టారు. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి లెక్కలు రాసుకుంటూ 15 జీబీల దగ్గర గీత గీసింది. మేడారంలో ఒకే చెట్టు కింద దిగిన నూట నలభై సెల్ఫీల్లో దేన్ని తుడిచెయ్యమంటారో తమరే సెలవియ్యాలి.

అయితే యూపీఐ విషయంలో తమ దయ తగ్గలేదని ఒప్పుకుంటాను. 2020 జనవరి 1 నుంచి దుకాణదారు దగ్గర ఎండీఆర్ (ప్రతి చెల్లింపులో బ్యాంకులు కోసుకునే వాటా) రుసుము తీసుకోవడం లేదు. చిన్న చెల్లింపుల ఖర్చు కొంత పూడ్చడానికి కేంద్రం 2024-25కు సుమారు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. అంటే, ఫోన్‌లో పైసలు పంపడం తెలియని మా అమ్మ సబ్బు బిళ్ళ మీద కట్టే పన్ను, నా పది రూపాయల చాయ్ లెక్కలో ఎక్కడో కలుస్తున్నదన్నమాట. నాకు అభ్యంతరం లేదు. అమ్మకు చెప్పనూ లేదు.

ఇక ఆలస్యం సంగతి. మొన్నటి వానకాలం నాలా పొంగి రోడ్డెక్కిన సాయంత్రం, ముప్పై నిమిషాలన్న బిర్యానీ నలభై రెండు నిమిషాలకు వచ్చింది. తెచ్చినవాడు ఇంటర్‌లో నా పక్క బెంచీ. మోకాళ్ళ దాకా తడిసి, "లేటైంది రా, ఏమనుకోకు" అన్నాడు. "ఏం కాదు రా" అని తలుపేసుకుని, రెండు స్టార్లు ఇచ్చాను. డెలివరీ ఉచితం గనుక టిప్పు మాట రాలేదు.

నిన్న ఊరి నుంచి బాపు ఫోన్ చేసి, ఎనుమాముల మార్కెట్ వేలంలో తేజ మిర్చికి జెండా పాట ఎంత పలికిందో చూసి చెప్పమన్నాడు; ధర లేకుంటే బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతాడట. వీడియో తెరిస్తే దాటెయ్యడానికి వీలులేని పదిహేను సెకండ్ల ప్రకటన! నేను పళ్ళు నూరుతుంటే, బాపు "కానియ్యి బిడ్డా, నాకేం తొందర" అన్నాడు. ఇటువంటి మనుషులుండబట్టే కదా, మమ్మల్ని ఆపే ధైర్యం తమరికి వస్తున్నది!

కావున తమరు వెంటనే, శాశ్వతంగా, ప్రకటనలు లేకుండా తిరిగి రావలసిందిగా ప్రార్థన. జవాబు ఈ క్షణమే పంపగలరు. ఖర్చు తమరిదే.

ఇట్లు,
ఏడు ఫ్రీ ట్రయల్స్‌కు ఏడు మెయిల్ ఐడీలు గల
తమ విధేయుడు