ఏసీ గ్యాస్ గారికి ఒక వినియోగదారురాలి లేఖ

శ్రీ ఆర్-32 గారికి,
పాత చిరునామా: మా బాల్కనీలో అవుట్‌డోర్ యూనిట్, విజయవాడ.
ప్రస్తుత చిరునామా: ఆకాశం.

నమస్కారమండీ. నిన్న మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. అసలే రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. పదింటికల్లా వస్తానన్న మెకానిక్ మూడున్నరకి దిగాడు. రిమోట్ కూడా ముట్టుకోకుండానే "గ్యాస్ అయిపోయింది మేడమ్" అని తేల్చేశాడు.

అయిపోవడానికి మీరేమైనా వంటగ్యాసా? రాగి పైపుల్లో సీలు వేసి ఉంటారు. ఇంట్లో వేడి పట్టుకెళ్ళి బయట పారబోసి మళ్ళీ లోపలికి వస్తారు, అంతే కదా మీ ఉద్యోగం. ఆ పనిలో మండేది లేదు, తరిగేది లేదు. మా పెళ్ళినాటి ఫ్రిజ్‌లో ఉన్నదీ మీలాంటి గ్యాసే. దానికి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ నింపలేదు. ఏసీలో మాత్రం ఎండలు రాగానే మీరు "అయిపోతారు". అంటే ఎక్కడో లీకు ఉందనేగా!

"సబ్బునీళ్ళు రాసి లీకు చూడు బాబూ" అన్నాను. "అంత టెన్షన్ ఎందుకు మేడమ్, పాతది తీసేసి ఫ్రెష్‌గా కొట్టేద్దాం" అన్నాడు. తీసేయడమంటే ఏ సిలిండర్లోకో పడతాడనుకున్నాను. వాల్వు మూత విప్పి పిన్ను నొక్కాడు. బుస్సుమని మీరు బయటికి వస్తుంటే ఇత్తడి నట్టు మీద తెల్లగా మంచు పేరుకుంది. అయిపోయిన గ్యాస్ అంతసేపు బుస కొట్టడమేమిటండీ?

యూనిట్ పక్కన స్టిక్కర్ చదివాను. మీ బరువు 0.8 కేజీలు. నూరేళ్ళ లెక్కన మీరు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 675 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతారట. అంటే ఫుల్లుగా ఉన్న యూనిట్‌ని గాల్లోకి వదిలితే 540 కేజీల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. లీటరు పెట్రోలు మండితే వచ్చేది 2.3 కేజీలు. నా స్కూటీ ట్యాంకు అయిదు లీటర్లు. దాదాపు నలభై ఏడు ట్యాంకులు తగలబెడితేగానీ అంత రాదు. లీకులో సగం ముందే పోయిందనుకున్నా ఇరవై మూడు పైనే. మన కుర్రాడికి రెండు నిమిషాలు పట్టింది!

కార్బన్ డయాక్సైడ్‌కైనా వెనక్కి వచ్చే దారి ఉంది. కొంత వేపచెట్టు పీల్చుకుంటుంది, కొంత సముద్రం కరిగించుకుంటుంది. మిమ్మల్ని ఏ ఆకూ ముట్టుకోదు. గాల్లోనే విరిగిపోవడానికి అటూఇటూగా అయిదేళ్ళు పడుతుంది. అందాకా మా నెత్తిమీదే మీ కాపురం. ఇక మీరు తిరగడానికి కావలసిన కరెంటు కోసం ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు మండేది వేరే ఖాతా. ఎదురు ఫ్లాట్ వాళ్ళ అవుట్‌డోర్ యూనిట్ మా వంటింట్లోకి ఊదే సెగ గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

మిమ్మల్ని తిట్టబుద్ధి కావడం లేదండీ. మీ ముందువారు ఆర్-22 ఓజోన్ పొరను కొరికేవారు, మీరు ఆ జోలికి పోరు. ఇంకో ఏసీ గ్యాస్ ఆర్-410ఏతో పోలిస్తే వేడి విషయంలో మీరు మూడోవంతే. పైపుల్లో ఉన్నంతసేపూ మీ అంత బుద్ధిమంతులు లేరు.

బుద్ధి లేనిది మాకు. 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలన్నీ కూర్చుని మీ వంశాన్ని, అంటే హెచ్‌ఎఫ్‌సీ వాయువుల్ని, తగ్గించాలని ఒప్పుకున్నాయి. 2021లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. 2032 నుంచి మెట్లుమెట్లుగా దిగి 2047కి 85 శాతం తగ్గిస్తుందట. ఢిల్లీలో అంత జాగ్రత్తగా సంతకాలు పెడితే, విజయవాడలో మెకానిక్ బ్యాగులో మిమ్మల్ని పట్టే సిలిండర్ లేదు, మిషన్ లేదు. వాక్యూమ్ పంపు కూడా లేదు! "పైపుల్లో గాలిని గ్యాస్‌తోనే తోసేస్తాం మేడమ్" అన్నాడు. అంటే కొత్తగా తెచ్చినవారిలోనూ కొంత బయటికే. వాడిననేం లాభం? ఇరవయ్యేళ్ళ కుర్రాడు, రోజుకి ఇన్ని ఇళ్ళని టార్గెట్. మిషన్ కొనివ్వాల్సిన కంపెనీ సిగ్గు లేకుండా "గ్యాస్ చార్జింగ్" అని బిల్లు వేసి, పైన జీఎస్టీ కూడా వసూలు చేసింది. వదిలేసిన గ్యాస్‌కి మాత్రం ఏ బిల్లూ లేదు, ఎవడూ కట్టక్కర్లేదు!

అతను వెళ్ళాక పైపు కలిసేచోట నట్టు తడిమి చూశాను. మీతోపాటు పైపుల్లో తిరిగే నూనె జిడ్డు. లీకు అక్కడే. నిన్న వచ్చిన మీ తమ్ముడు కూడా ఆ దారినే మీ దగ్గరికి బయల్దేరి ఉంటాడు.

రాత్రి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, మా సేవకు స్టార్లు ఇవ్వమని. ఒకటి ఇచ్చాను. కారణం రాయమన్న గడిలో "నట్టు బిగించండి" అని రాశాను.

ఇట్లు,
పాత బిల్లులన్నీ దాచిన ఒక వినియోగదారురాలు