భీమిలితో సముద్రం అయిపోయిందనుకునేవారికి

విశాఖపట్నం నుంచి భీమిలి వరకు కారులో వెళ్లి, రుషికొండ దగ్గర నాలుగు ఫొటోలు దిగి, తొట్లకొండ కింద ఒక వీడియో తీసుకుని, ముంత మసాలా తిని వెనక్కి వచ్చేసి, 'మన తీరం మొత్తం చూసేశాం' అని రాసే పోస్టులు చదివీ చదివీ విసుగొచ్చింది. ఆ ముప్ఫై కిలోమీటర్ల దారి బాగుండదని ఎవరూ అనరు. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో నున్నటి రోడ్డు. బాగుండక ఎక్కడికి పోతుంది? కానీ ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. భీమిలిలో కారు వెనక్కి తిప్పేవాళ్లకు ఆ సంగతి పట్టదు.

చూడకపోతే చూడకపోయారు, అది వాళ్ల ఇష్టం. నాకు ఒళ్లు మండేది ఆ తర్వాత వచ్చే కోరికను చూసి. 'ఇదే రోడ్డును ఇలాగే ఇచ్ఛాపురం వరకు వేసేస్తే ఎంత బాగుంటుందో! ఆరు వరుసలు, రెండు పక్కలా లైట్లు, ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక రిసార్ట్!' ఇది ఉత్త ఊహ కూడా కాదు. భీమిలి నుంచి శ్రీకాకుళం జిల్లాలోని మూలపేట వరకు తీరం వెంట పెద్ద రహదారి వేయాలన్న ప్రతిపాదన చాలా కాలంగా నలుగుతూనే ఉంది. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఉత్తరాంధ్ర తీరం ఇంకా చూడదగ్గట్టుగా మిగిలిందంటే, దాని ఒడ్డు వెంట అలాంటి రోడ్డు లేకపోవడం వల్లే. ఆ రోడ్డు పడిన రోజు మనం చూడటానికి వెళ్లేది ఆ రోడ్డునే.

రోడ్డు ఎందుకు లేదంటే, నదులు ఉన్నాయి కాబట్టి. భీమిలిలో గోస్తనీ, కోనాడ దగ్గర చంపావతి, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ. ఒక్కో నది సముద్రంలో కలిసే చోట తీరం దారి తెగిపోతుంది. మీరు వెనక్కి తిరిగి పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కాలి, నది దాటాలి, మళ్లీ కుడివైపు ఒక ఇరుకు రోడ్డు పట్టుకుని సముద్రం దాకా దిగాలి. చెన్నై నుంచి కోల్‌కతా పోయే ఆ జాతీయ రహదారి మీద మీకు లారీలు, టోల్‌గేట్లు, దాబాలు కనిపిస్తాయి తప్ప సముద్రం కనిపించదు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. చాలామందికి ఇది చిరాకు. నాకు మాత్రం ప్రయాణమంటే ఇదే. ఒక్కో మలుపు ఒక్కో ఊరికి తీసుకెళుతుంది. ఏ ఊరూ పక్క ఊరిలా ఉండదు.

భీమిలి వరకు ఉన్న భాగం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, సురక్షితంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. 2025లో నిర్వహణ బాగాలేదని దాన్ని కొన్నాళ్లు వెనక్కి తీసుకుని, మళ్లీ ఇచ్చారు. ఒక్క బీచ్‌ను శుభ్రంగా ఉంచడానికే ఇంత తిప్పలు పడుతున్నవాళ్లం, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు తీరానికి రిసార్టులు అడుగుతున్నాం! ఎర్రమట్టి దిబ్బల సంగతీ అంతే. సముద్ర మట్టం పెరుగుతూ తరుగుతూ ఉన్న కాలాల్లో, వేల ఏళ్లపాటు గాలి తెచ్చి పోసిన ఇసుకకు ఇనుము రంగు పట్టి ఏర్పడిన దిబ్బలవి. జాతీయ భూవారసత్వ స్థలం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. అయినా సెలవు రోజున వెళ్లి చూడండి, అంచుల మీద నుంచి జారుడుబల్ల ఆట ఆడుతుంటారు. పిల్లలు కాదు, పెద్దవాళ్లే. వాన నీళ్లు వేల ఏళ్లకు చెక్కిన అంచు ఒక మధ్యాహ్నంలో కూలిపోతుంది.

భీమిలిలో డచ్చివారి సమాధులున్న తోట ఒకసారి చూసి, వీలైతే పావురాలకొండ ఎక్కి, ముందుకు పదండి. భోగాపురం దాటితే ముక్కాం, చేపలకంచేరు వంటి మత్స్యకార గ్రామాలు వస్తాయి. ఇక్కడ రోడ్డు అంటే వాహనాలు పోయేది మాత్రమే కాదని అర్థమవుతుంది. ఎండ కాసే పూట సిమెంటు రోడ్డులో సగం మేర నెత్తళ్లు పరిచి ఉంటాయి. ఎండలో వెండిలా మెరుస్తూ, ముక్కుపుటాలు అదిరే వాసనతో. ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చుంది. 'కారు ఆ పక్క నుంచి తియ్యండి బాబూ, ఇటు చక్రం పడితే నా పూట పోతుంది' అంది. హారన్ కొట్టబోయిన మా డ్రైవరు చెయ్యి తీసేశాడు. ఆవిడకు అది ఎండబెట్టుకునే కళ్లం, మనకు అది దారి. ఆరు వరుసల రోడ్డు మీద ఆవిడ నెత్తళ్లు ఎక్కడ పరుస్తుందో ఏ ప్రణాళికలో రాశారు?

ఇక శ్రీకూర్మం. విష్ణువును కూర్మావతారంలో మూలవిరాట్టుగా పూజించే గుడి. పడమటి ముఖంగా ఉండే ఆలయం, రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. భక్తులు వాటికి తోటకూరో గోంగూరో పెట్టి దండం పెట్టుకుంటారు. అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. చలికాలంలో అదే ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చిపడి ఉంటాయి. గుళ్లో తాబేలుకు కళ్లు మూసుకుని మొక్కినవాళ్లు బీచ్‌లో తాబేలు దగ్గర ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు.

అవి ఎందుకు చస్తాయో చాలామందికి తెలియదు, కాస్త వివరంగా చెబుతాను. తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చడానికి పైకి రావాలి. గుడ్లు పెట్టే కాలంలో ఇవి ఒడ్డుకు దగ్గరగా గుంపులుగా తిరుగుతాయి. మరపడవలు లాగే వలల్లో చిక్కుకుంటే గంటల తరబడి నీటి కింద ఉండిపోయి ఊపిరాడక చనిపోతాయి. వలలోంచి తాబేలు బయటపడే అమరిక ఉంది, వాడాలని నిబంధనలూ ఉన్నాయి. చేపలు కూడా జారిపోతాయని వాడరు. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. తాబేళ్లు గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. అంటే నిషేధం మొదలయ్యేసరికి తల్లులు చాలావరకు వచ్చి వెళ్లిపోయి ఉంటాయి. ఆ నిషేధం చేపల కోసం పెట్టింది, తాబేళ్ల కోసం కాదు. వాటికి ఇంకా వేరే ఏర్పాటు కావాలి.

బతికి ఒడ్డుకు చేరిన తల్లి రాత్రిపూట ఇసుకలో గుంట తవ్వి నూటికి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, కప్పేసి, వెనక్కి వెళ్లిపోతుంది. తెల్లవారుజామున వెళితే దాని జాడ కనిపిస్తుంది. ట్రాక్టరు ఒకటి సముద్రంలోంచి వచ్చి, ఒక చోట చక్కర్లు కొట్టి, మళ్లీ సముద్రంలోకి పోయినట్టు ఉంటుంది. కళింగపట్నం అవతల ఒక ఉదయం నేను చూసిన జాడ మీదుగా నిజంగానే జీపు చక్రాల గాట్లు పోయి ఉన్నాయి. రాత్రి ఎవరో ఇసుకలో బండి తిప్పి సరదా తీర్చుకున్నారు. గుంట ఆ గాడికి బారెడు దూరంలో ఉంది, అదృష్టం. గుడ్లు తప్పించుకున్నా ఇబ్బంది తీరదు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. అరచేతిలో సగం కూడా ఉండవు. చక్రం గాడిలో పడితే పైకి ఎక్కలేక ఎండకు మాడిపోతాయి, లేదా కాకులపాలవుతాయి. పైగా అవి వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. చీకటి ఒడ్డున వెలుతురంటే సముద్రమే, నీటి మీద పడే ఆకాశపు కాంతి. వీధి దీపాలు పెడితే అదే పిల్ల సముద్రానికి వీపు తిప్పి రోడ్డు వైపు నడుస్తుంది. అటవీ శాఖ సిబ్బంది, ఊళ్లలోని కుర్రాళ్లు గుడ్లు ఏరి కంచె వేసిన చోట పూడ్చి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. వాళ్ల కష్టం గొప్పది. కానీ ఒడ్డంతా దీపాలు వెలిగించేసి, బుట్టల్లో పిల్లల్ని మోసుకెళ్లి వదలడం ఎంతకాలం?

కళింగపట్నంలో దీపస్తంభం, వంశధార సంగమం, పైన శాలిహుండం బౌద్ధ స్థూపాలు చూసుకుని టెక్కలి వైపు వెళ్లండి. అక్కడ కుడివైపు నౌపడా. ఉప్పు మడుల మధ్య నుంచి దారి. తేలినీలాపురం చేరతారు. ఇది అభయారణ్యం కాదు, ఊరు. పక్షులు ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు అక్టోబరు ప్రాంతంలో వచ్చి, పిల్లల్ని పెంచి, వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. చెట్టు కింద నిలబడితే ముందు వినిపించేది ముక్కుల టకటక శబ్దం, ఆ తర్వాత రెట్ట వాసన. పెరటి గోడలు, పెంకులు, బిందెలు పెట్టే అరుగు, అన్నీ తెల్లగా. పెలికాన్ పిల్ల తల్లి ముక్కు సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపలు తోడుకుంటుంటే, తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తుంది. ఆ ఇంటావిడను అడిగాను, బట్టలు ఎక్కడ ఆరేస్తారని. 'ఆర్నెల్లు లోపలే ఆరేసుకుంటాం. అవి రాని ఏడు వానలుండవు, పంటలుండవు' అని చెప్పి తన పనిలోకి వెళ్లిపోయింది.

ఆ పక్షులు తినేది ఎక్కడంటే, చుట్టుపక్కల తంపరల్లో, అంటే చిత్తడి నేలల్లో. కాకరాపల్లి తంపరలో థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు ఊళ్లు ఎదురు తిరిగాయి. 2011 ఫిబ్రవరిలో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అంతకు ముందు ఏడాది జులైలో సోంపేటలోని చిత్తడి నేల, బీల కోసం కూడా అలాగే ప్రాణాలు పోయాయి. సోంపేటలో ప్లాంటు రాలేదు, బీల మిగిలింది. పర్యాటక పుస్తకాల్లో ఈ మాట ఉండదు. 'సహజ సౌందర్యం' అని మనం ఫొటో తీసుకునే ఆ పచ్చదనంలో కొంత భాగాన్ని అక్కడి రైతులు, మత్స్యకారులు కొట్లాడి మిగిల్చారు. సోంపేట దారిలో వెళ్లేటప్పుడు ఆ బీల ఒడ్డున ఒక్క పది నిమిషాలు ఆగితే నష్టమేమీ లేదు.

ఉద్దానం కొబ్బరి తోటల్లోంచి పోయే దారి ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటల్ని నేలకూల్చింది. కొత్తగా నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే ఎత్తు అందుకుంటున్నాయి. ఇదే నేల మూత్రపిండాల జబ్బుకూ పేరుపడింది. తోటల అందం చూసి మురిసిపోయే ముందు అక్కడి ఇళ్లలో డయాలసిస్ గురించి మాట్లాడుకోవడం కూడా వినిపిస్తుందని తెలిసి వెళ్లండి. ఆ తర్వాత బారువ, పాత ఓడరేవు. విశాలమైన ఒడ్డు, కొబ్బరి చెట్లు, అలివి వల లాగే మనుషులు. జాలరులు రెండు కొసలూ పట్టుకుని పాట పాడుతూ వల లాగుతుంటే, ఫోన్లు పట్టుకుని వాళ్లకు అడ్డం నిలబడకండి. కావాలంటే తాడు పట్టండి, వద్దనరు.

ఇప్పుడు నా మీద రావలసిన ప్రశ్న నేనే వేసుకుంటాను. 'కారులో వెళ్లి చూసి వచ్చే నువ్వు, అక్కడి వాళ్లకు రోడ్డు వద్దంటావా?' అననే అనను. చేపలకంచేరుకో బారువకో ఐసు లారీ వెళ్లాలి, పట్టిన చేప కుళ్లకముందే బయటికి రావాలి, కాన్పు నొప్పులొస్తే అంబులెన్సు రావాలి. అందుకు కావలసింది జాతీయ రహదారి నుంచి ఒక్కో ఊరికి దిగే రోడ్డు. చాలా ఊళ్లలో అదే గుంతలమయం. ఒడ్డుకు సమాంతరంగా పరిచే ఆరు వరుసల వల్ల లాభం ఊరికి కాదు, ఊరి పక్కన స్థలాలు కొన్నవాళ్లకు. దిగే రోడ్లు బాగుచేయండి, పడవలకు జెట్టీలు కట్టండి, బస్సు వేయండి, ఆడవాళ్లకు పనికొచ్చే మరుగుదొడ్డి ఒక్కటైనా కట్టండి. ఒడ్డును మాత్రం చీకటిగా వదిలేయండి.

వెళ్లదలచినవాళ్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. తేలినీలాపురంలో పక్షులూ ఉంటాయి, ఎండా మితంగా ఉంటుంది. రాత్రి బస శ్రీకాకుళంలోనో పలాసలోనో పెట్టుకోండి. పలాసలో జీడిపప్పు ఎలాగూ కొంటారు. ఇసుకలోకి బండి దింపకండి. రాత్రి ఒడ్డున నడవాలనిపిస్తే టార్చి ఆర్పి నడవండి. తాబేలు కనిపిస్తే దూరంగా కూర్చోండి, ఫ్లాష్ వేయకండి. ఇచ్ఛాపురం దాటి రుషికుల్యకు వెళదామని ఎవరైనా అంటే వెళ్లండి, ఒడిశాలో అక్కడ తాబేళ్లు వేలాదిగా వస్తాయి. కానీ వెళ్లి వచ్చాక, మన దగ్గర ఏమీ లేదని మాత్రం పోస్టు పెట్టకండి.