కొరతకు కొరత లేని రాజ్యం

మా మావయ్య పొద్దున్నే గుడ్ మార్నింగ్ గులాబీతో పాటు ఒక వాట్సాప్ మెసేజ్ పంపించారు. రుమేనియాలో వ్లాద్ అనే రాజు ఉండేవాడట. ఊళ్లో నీళ్ల ఊట దగ్గర బంగారు గిన్నె పెట్టిస్తే, ఆయన బతికున్నన్నాళ్లూ దాన్ని ఎత్తుకెళ్లిన మొనగాడే లేడట. కింద 'మనకీ ఇలాంటోడు ఒక్కడుండాలి' అని రాసి, మూడు దండాలు.

గిన్నె ఎందుకు పోలేదో మెసేజ్‌లో లేదు. జాగా చాల్లేదేమో. ఆయనకి 'త్సెపెష్' అని పేరు, అంటే మనుషుల్ని మొనదేలిన కొయ్యకి గుచ్చి కొరత వేసేవాడని. ఆయన పెద్దగా ఏలిన 1456 నుంచి 1462 దాకా, ఆయన రాజ్యం వలాకియాలో దేనికి కొరత ఉన్నా కొరతకు మాత్రం లేదు.

పాపం, ఆయన టెన్షన్లు ఆయనవి. వలాకియాలో గద్దె పెద్దకొడుక్కే రావాలని లేదు. రాజవంశపు రక్తం ఉంటే చాలు, తల్లిదండ్రులకు పెళ్లి కాకపోయినా పర్లేదు. అందులో ఎవరన్నది బోయర్లు, అంటే అక్కడి పెద్ద భూస్వాములు, తేలుస్తారు. ఒకపక్క హంగరీ, ఇంకోపక్క ఓటోమన్ తుర్కులు, ఇద్దరి దగ్గరా ఎప్పుడూ ఒక స్పేర్ రాజు సిద్ధం. 1420ల్లో ఇద్దరు దాయాదులు ఏడేళ్లపాటు గద్దె ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. బోయర్లు మాత్రం దిగలేదు. వాళ్లు గోడ మీద పిల్లులు కారు, ఆ గోడ కట్టించినవాళ్లు.

1447లో వ్లాద్ తండ్రి ప్రాణం పోయింది. అన్న మీర్చాను రాజధాని తిర్గోవిష్టె పెద్దలు కళ్లు పొడిచి, బతికుండగానే పాతిపెట్టారంటారు.

తర్వాత విందు. ఆ కాలపు జర్మన్ కథల్లో ఉందీ ముచ్చట. బోయర్లను భోజనానికి పిలిచి, రాజుగారు మెల్లిగా అడిగారు: 'మీరు ఇప్పటిదాకా ఎంతమంది రాజుల్ని చూశారు?' నాకా పంక్తి కళ్లకు కట్టినట్టుంది. ఒకాయన మీసాలకంటిన కొవ్వు తుడుచుకుని 'యాభై' అన్నాడు. పక్కాయన 'ముప్పై'. ఇంకొకాయన కాస్త సిగ్గుపడుతూ 'ఇరవయ్యే'. అందరికంటే కుర్రాడు 'ఏడుగురేనండీ', సర్వీసు తక్కువైనందుకు నొచ్చుకుంటూ. ఒక్కడూ 'గుర్తులేదు మహాప్రభో' అనలేదు చూడండి! సీనియారిటీ లిస్టు అడిగారనుకున్నారు, ప్రమోషన్ అనుకున్నారు. ప్రమోషనే అయింది. అయిదువందల మందినీ నేల మీంచి కొంచెం ఎత్తున నిలబెట్టారట.

ఇంకో కథలో అది ఈస్టర్ పండగ. ముసలివాళ్లకు కొరత, వయసులో ఉన్నవాళ్లకు, పెళ్లాం పిల్లలతో సహా, పోయెనారి కోట కట్టే పని. ఒంటి మీది పండగ బట్టలు చీలికలై రాలిపోయేదాకా రాళ్లు మోశారట.

సరే, ఇంత చేశాక బోయర్లు బుద్ధిమంతులయ్యారా? వ్లాద్‌కో తమ్ముడున్నాడు, అందగాడని పేరు. అసలు పేరు 'రాదు'. పేరుకే రాదు, 1462లో ఓటోమన్ సైన్యంతో వచ్చాడు. బోయర్లు కండువా మార్చినంత తేలిగ్గా అటు దూకేశారు. వ్లాద్ సాయం కోసం హంగరీ రాజు దగ్గరికి పోతే, ఆయన పట్టుకుని లోపల వేశాడు. 1476లో మళ్లీ గద్దె దొరికింది గానీ, రెండు మూడు నెలలు తిరక్కుండానే చంపేశారు. గద్దెకి పోటీదారులకు మాత్రం లోటు రాలేదు.

సరే, బోయర్ల గొడవ బోయర్లది. అదే 1462లో వ్లాద్ హంగరీ రాజుకి రాసిన ఉత్తరం ఒకటుంది. డాన్యూబ్ నది పొడుగునా ఊళ్ల మీద పడి ఆడా మగా, చిన్నా పెద్దా చూడకుండా చంపానని తనే రాశాడు. 23,884 మంది. తలలు లెక్కపెట్టించాడు! ఇళ్లతో పాటు కాలిపోయినవాళ్లు ఆ లెక్కలో లేరని కూడా రాశాడు. వాళ్లలో ఎవడు ఏ రాజును దించాడు? ఏ పిల్ల ఏ కుట్ర చేసింది? పొద్దున్నే టీ తాగుతూ 'ఇలాంటోడు ఒక్కడుండాలి' అని దండాలు పెట్టే చేతులకి సిగ్గుండక్కర్లేదా? కొరత ఎప్పుడూ పక్కింటివాడికే అని వీళ్లకి ఎవడు రాసిచ్చాడు?

కోపం కాస్త చల్లారాక మావయ్యకి ఒకే ఒక్క ప్రశ్న పంపాను. వాళ్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఏ ప్రెసిడెంటునైనా దించాలంటే సంతకాల కాగితం ఆయన దగ్గర్నుంచే బయల్దేరుతుంది లెండి.

'మావయ్యా, మీరు ఇప్పటిదాకా ఎంతమంది ప్రెసిడెంట్లని చూశారు?'

నిమిషంలో జవాబు వచ్చింది. 'ఏడుగురు. ఏం?'