మూత పెట్టి వదిలేస్తే ఎరువు రాదు, కంపు వస్తుంది

వంటింటి చెత్తను డబ్బాలో వేసి మూత పెడితే చాలు, ఎరువు తయారవుతుందని నేను చదివిన ఓ వ్యాసంలో తేల్చేశారు. అసలు సంగతి గాలిది. డబ్బా చుట్టూ, అడుగున కూడా పెన్సిల్ దూరేంత రంధ్రాలు పెట్టి, కింద ఇటుకలు వేసి ఎత్తులో ఉంచాలి. ఒక వంతు కూరగాయల తొక్కలకు రెండు వంతులు ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో పడాలి. చాలామంది పిసినారితనం చూపించేది ఈ పొడి సరుకు దగ్గరే! తడి ఎంతుండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ధారగా కారితే ఎండుటాకులు కలపండి. మురిగిన గుడ్డు వాసనొస్తే లోపల గాలి ఆడట్లేదని అర్థం, అడుగుదాకా తిరగేయాలి. ముక్కు మండే అమోనియా ఘాటైతే తడి తొక్కల నుంచి వచ్చే నత్రజని ఎక్కువైంది. దానికీ మందు పొడి సరుకే. వారానికి ఒకటి రెండుసార్లు కలియబెట్టడం తప్పదు.

ఇక ‘కంపోస్టబుల్’ (ఎరువుగా మారేది) అని ముద్రేసిన పీఎల్ఏ కప్పులు, అంటే మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసిన ప్లాస్టిక్‌తో చేసినవి, ఇందులో వేయకండి. అవి కరగాలంటే 60 డిగ్రీల దరిదాపు వేడి రోజుల తరబడి నిలవాలి, ఇంటి డబ్బాలో అది జరిగే పని కాదు. పండ్ల మీది స్టిక్కర్లూ అంతే, చాలావరకు ప్లాస్టిక్కే. తొక్క వేసేముందే పీకేయండి, తర్వాత ఎరువులోంచి ఏరడం మహా చిరాకు.